తెరమీద దొర్లే బంతి

ఏటవాలుగా పెట్టిన పలకమీద ఒక గోళీని విడిచిపెడితే అది కిందికి దొర్లుతుంది. దారిలో మేకు ఉంటే దానికి తగిలి పక్కకు తప్పుకొంటుంది. అంచుకు కొట్టుకొంటే వెనక్కు మళ్ళుతుంది. ఇందులో ఏ ఒక్క పనికీ గోళీ లెక్కలు వేయనక్కరలేదు. గురుత్వాకర్షణ, ఘర్షణ, స్థితిస్థాపకత తమ పని తాము చేసుకొనిపోతాయి.

అదే గోళీని కంప్యూటరు తెరమీద దొర్లించాలంటే సంగతి వేరు. తెరలో పల్లం లేదు, బరువు లేదు, మేకు లేదు. అక్కడ బంతిగా కనిపించేది కొన్ని వెలుగు చుక్కల గుంపు మాత్రమే. అది కిందికి రావాలన్నా, గోడకు తగిలి మళ్ళాలన్నా, ప్రతి కదలికనూ ఎవరో ఒకరు అంకెలలో చెప్పి తీరాలి.

1970ల చివర, 1980ల మొదట ఇళ్ళలోకి ప్రవేశించిన చిన్న కంప్యూటర్లమీద పిన్‌బాల్ ఆటను తయారుచేసినవారికి ఎదురైన సమస్య ఇదే. ఆ యంత్రాల శక్తి నేటి చేతి ఫోనుతో పోలిస్తే లెక్కలోకి రాదు. గుణకారం చేయటానికి ఆజ్ఞ కూడా లేని యంత్రంచేత న్యూటన్ సూత్రాలను ఎట్లా పాటింపజేశారు? వేటిని లెక్కలోకి తీసుకొన్నారు? వేటిని వదిలిపెట్టారు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, కంప్యూటరుతో ప్రకృతిని అనుకరించటమనే పెద్ద విద్యకు మూలసూత్రాలు తెలిసినట్లే.

ఆట స్వరూపం

పిన్‌బాల్ పాశ్చాత్య దేశాలలో, ముఖ్యంగా అమెరికాలో, ప్రచారం పొందిన ఆట. గాజు మూత కలిగిన పొడుగుపాటి బల్ల ఒకటి ఉంటుంది. అది ఆడేవానివైపు కొద్దిగా వాలి ఉంటుంది. ఈనాటి బల్లలలో ఈ వాలు సుమారు 6.5 డిగ్రీలు. బంతి ఉక్కుతో చేసినది; వ్యాసం 27 మిల్లీమీటర్లు, బరువు సుమారు 80 గ్రాములు. కుడివైపునున్న స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే బంతి బల్ల పైకొసకు పోతుంది. అక్కడినుంచి కిందికి దొర్లుతూ, దారిలోని బంపర్లకూ గురిపలకలకూ తగులుతూ, తగిలినప్పుడల్లా పాయింట్లు తెచ్చిపెడుతుంది. కిందికొసన ఫ్లిప్పర్లనే రెండు చిన్న రెక్కలుంటాయి. బల్ల పక్కలనున్న బొత్తాలను నొక్కితే ఈ రెక్కలు పైకి లేచి బంతిని మళ్ళీ పైకి కొడతాయి. వాటి మధ్య సందులోనుంచి బంతి జారిపోతే అది పోయినట్లే.

18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఆడుతూవచ్చిన బగటెల్ అనే బల్ల ఆట దీనికి మూలం. 1871లో అమెరికాలో మాంటేగ్యు రెడ్‌గ్రేవ్ అనే ఆయన దానికి స్ప్రింగు కడ్డీని చేర్చి పేటెంటు పొందాడు. 1947లో గాట్లీబ్ కంపెనీవారు హంప్టీ డంప్టీ అనే బల్లకు విద్యుత్తుతో పనిచేసే ఫ్లిప్పర్లు అమర్చారు. అంతవరకు బంతిని వదలిన తరువాత ఆడేవానికి చేయటానికి పెద్దగా పని ఉండేది కాదు. ఆట చాలామటుకు అదృష్టంమీద నడిచేది. అందువల్లనే దీనిని జూదంగా భావించి, న్యూయార్క్ నగరంవారు 1940లలో నిషేధించారు. ఆ నిషేధం 1976 వరకు సాగింది. ఆ ఏడు రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర సభ్యుల ఎదుట ఆడి, బంతి ఏ దారిని పోతుందో ముందుగా చెప్పి, చెప్పినట్లే పంపించాడు. ఇది నేర్పుతో ఆడే ఆట అని సభ్యులకు నమ్మకం కలిగింది, నిషేధం తొలగిపోయింది.

ఇందులో గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. నేర్పు అనేది ఎక్కడనుంచి వస్తుంది? ఒకే విధమైన దెబ్బకు బంతి ఒకే విధంగా స్పందించటంవల్ల వస్తుంది. ప్రకృతి తన నియమం తప్పదు కాబట్టి చేయి ఆ నియమాన్ని నేర్చుకొనగలుగుతుంది. తెరమీది బంతికి కూడా ఈ గుణం ఉంటేనే అది ఆట అవుతుంది. లేకపోతే వెలుగు చుక్కల గంతులాట మాత్రమే.

ఆనాటి యంత్రాలు

ఆపిల్ 2 అనే కంప్యూటరు 1977లో వెలువడింది. దానిలోని 6502 అనే ప్రాసెసరు సెకనుకు సుమారు 10,23,000 స్పందనల గడియారంతో నడిచేది. ఒక్కొక్క ఆజ్ఞకు 2 నుంచి 7 స్పందనల కాలం పడుతుంది. అది ఒక్కసారికి 8 బిట్లను, అనగా 0 నుంచి 255 వరకు గల ఒక సంఖ్యను మాత్రమే పట్టుకొనగలదు. కూడిక, తీసివేత చేయగలదు. గుణకారానికీ భాగహారానికీ ఆజ్ఞలు లేవు.

దాని తెర నిలువున 192 వరుసలు, అడ్డంగా 280 చుక్కలు. ఈ బొమ్మను ఉంచటానికి స్మృతిలో 8,192 బైట్ల చోటు కేటాయించబడి ఉండేది. తెరమీద బంతి నిలకడగా కదిలినట్లు కనిపించాలంటే సెకనుకు 30 సార్లయినా దాని చోటు మార్చాలని అనుకొంటే, ఒక్కొక్క మార్పుకు దొరికేవి సుమారు 34,000 స్పందనలు. బొమ్మనంతా కొత్తగా వ్రాయాలంటే, బైటుకు 4 స్పందనల చొప్పున చూచినా 32,768 స్పందనలు కావాలి. అంటే ఉన్న కాలమంతా బొమ్మ వ్రాయటానికే సరిపోతుంది. బంతి ఎటు పోవాలో లెక్క వేయటానికి ఏమీ మిగలదు.

అందువల్ల బల్ల బొమ్మను ఒక్కసారి మాత్రమే గీసి, బంతిని మాత్రం చెరిపి గీసేవారు. దీనికి వాడుకలో ఉన్న ఒక ఉపాయం చాలా చక్కనిది. బంతి చుక్క పడవలసిన ప్రతిచోట, తెరమీద 0 ఉంటే 1గా, 1 ఉంటే 0గా తారుమారు చేస్తారు. బంతి కనిపిస్తుంది. మళ్ళీ అవే చుక్కలను రెండవసారి తారుమారు చేస్తే పాత బొమ్మ యథాస్థితికి వస్తుంది, బంతి మాయమవుతుంది. బంతి వెనుక ఏ బొమ్మ ఉన్నదో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోనక్కరలేదు. 8,192 బైట్లకు బదులు పదో ఇరవయ్యో బైట్లతో పని ముగుస్తుంది.

1977లోనే వచ్చిన అటారీ 2600 అనే ఆటయంత్రం పరిస్థితి ఇంకా ఇరుకు. దానిలో మార్చి వ్రాసుకోదగిన స్మృతి మొత్తం 128 బైట్లు. బొమ్మను దాచుకొనే చోటే లేదు. టెలివిజను కిరణం ఒక్కొక్క వరుసను గీస్తూ ఉండగా, ప్రాసెసరు దాని వెంటబడి ఆ వరుసలో ఏమి కనిపించాలో అందించాలి. కిరణం కింది అంచు ముగించి తిరిగి పైకి వెళ్ళే కొద్దిపాటి విరామంలోనే ఎక్కువ లెక్కలు పూర్తిచేయాలి. అట్టి యంత్రంమీద కూడా 1980ల మొదట వీడియో పిన్‌బాల్ అనే ఆట వచ్చింది.

కాలాన్ని ముక్కలు చేయటం

నిజమైన బంతి కాలంలో ఎడతెగకుండా కదులుతుంది. కంప్యూటరు అట్లా చేయలేదు. అది ఒక క్షణంలో బంతి ఎక్కడ ఉన్నదో, ఎంత వేగంతో ఉన్నదో తెలుసుకొని, కొద్ది కాలం తరువాత ఎక్కడ ఉంటుందో లెక్క కడుతుంది. మళ్ళీ అక్కడినుంచి ఇంకొక అడుగు. ఇట్లా అడుగు తరువాత అడుగు వేయటమే ఈ పద్ధతి. ప్రతి అడుగులోను చేసే పనులు రెండే: వేగానికి త్వరణాన్ని కలపటం, స్థానానికి వేగాన్ని కలపటం. రెండూ కూడికలే. గుణకారం రాని యంత్రానికి ఇంతకంటె అనుకూలమైనది ఏముంటుంది?

అంకెలతో చూద్దాం. వాలుబల్లమీద జారే వస్తువు త్వరణం, గురుత్వ త్వరణాన్ని వాలు కోణపు సైనుతో గుణిస్తే వస్తుంది. 6.5 డిగ్రీలకు సైను 0.113. ఐతే బంతి జారటం లేదు, దొర్లుతున్నది. దాని శక్తిలో కొంత భాగం తన చుట్టూ తాను తిరగటానికి ఖర్చవుతుంది. గట్టి గోళానికి ఈ కారణంగా త్వరణం 7లో 5వ వంతుకు తగ్గుతుంది. కనుక త్వరణం 9.8 × 0.113 × 5/7, అనగా సెకనుకు సెకనుకు సుమారు 0.8 మీటరు. ఒక మీటరు పొడుగు బల్లను పైనుంచి కిందికి దొర్లటానికి బంతికి సుమారు 1.6 సెకన్లు పడుతుంది. అదే మీటరు ఎత్తునుంచి నేరుగా పడితే 0.45 సెకను చాలును. ఆడేవానికి ఆలోచించుకొనే వ్యవధినిచ్చేది ఈ చిన్న వాలే.

ఈ మీటరు బల్లను 192 వరుసల తెరమీద చూపించామనుకొందాం. ఒక వరుస సుమారు 5.2 మిల్లీమీటర్లకు సమానం. బంతి ఎత్తు 5 వరుసలు. త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 154 వరుసలు. సెకనుకు 30 అడుగులు కాబట్టి, ఒక అడుగుకు పెరిగే వేగం 154ను 900తో భాగిస్తే వస్తుంది, అది 0.17 వరుస.

ఇక్కడ చిక్కు వచ్చింది. యంత్రం పట్టుకొనేది పూర్ణసంఖ్యలను. 0.17ను పూర్ణసంఖ్యగా సవరిస్తే 0 అవుతుంది. అప్పుడు బంతి ఎన్ని గంటలైనా పైనే నిలిచి ఉంటుంది! దీనికి విరుగుడు ఏమంటే, ఒక వరుసను 256 భాగాలుగా ఊహించి, ఆ భాగాలలో లెక్కించటం. రూపాయల లెక్కను పైసలలో వేయటంవంటిదే ఇది. 0.17 వరుస సుమారు 44 భాగాలు అవుతుంది. 256ను ఎన్నుకోవటానికి కారణం లేకపోలేదు. స్థానాన్ని రెండు బైట్లలో వ్రాస్తే, ఒక బైటులో భాగాలు, రెండవ బైటులో పూర్తి వరుసలు విడివిడిగా నిలుస్తాయి. భాగాలు 256కు చేరినప్పుడల్లా పై బైటుకు ఒకటి తనంతట తానే చేరుతుంది. బొమ్మ గీసేటప్పుడు పై బైటును మాత్రమే చూస్తే సరిపోతుంది.

ఇప్పుడు నిశ్చలంగా ఉన్న బంతిని వదిలితే, వేగం అడుగు అడుగుకూ 44, 88, 132, 176గా పెరుగుతుంది. స్థానం 44, 132, 264, 440 అవుతుంది. మొదటి రెండు అడుగులలో తెరమీద కదలిక కనిపించదు. మూడవ అడుగులో 264 భాగాలు, అంటే ఒక వరుస దాటింది; బంతి కదిలింది. తరువాత తరువాత వేగం పుంజుకొంటుంది. గెలీలియో వాలుపలకలమీద గమనించిన చలనమే, రెండు కూడికలతో తెరమీదకు వచ్చింది.

ఈ సంఖ్యలు పద్ధతిని వివరించటానికి ఎన్నుకొన్న ఉదాహరణ మాత్రమే. ఒక్కొక్క ఆటలో ఒక్కొక్కరు తమకు అనుకూలమైన సంఖ్యలు వాడుకొంటారు.

తప్పు ఎంత?

30 అడుగుల తరువాత, అనగా ఒక సెకను గడిచిన తరువాత, ఈ బంతి ఎంత దూరం పోయింది? 1 నుంచి 30 వరకు గల సంఖ్యల మొత్తం 465. దానిని 44తో గుణిస్తే 20,460 భాగాలు, అంటే 79.9 వరుసలు. అదే త్వరణానికి పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం 77.3 వరుసలు రావాలి. కంప్యూటరు బంతి 2.6 వరుసలు ముందుకు పోయింది. కారణం స్పష్టమే. అడుగు చివర ఉండే వేగాన్ని అడుగంతటికీ వర్తింపజేశారు.

స్థానం ముందు మార్చి వేగం తరువాత మార్చితే తప్పు రెండవవైపుకు తిరుగుతుంది, 74.8 వరుసలు వస్తాయి. ఇక అడుగులను సెకనుకు 60 చేస్తే, అడుగుకు కలపవలసినది 44కు బదులు 11 అవుతుంది. అప్పుడు 78.6 వరుసలు వస్తాయి, తప్పు సగమయింది. అడుగు చిన్నదయినకొద్దీ నిజానికి దగ్గరవుతాము. కాని అడుగులు రెట్టింపయితే పని కూడా రెట్టింపవుతుంది. ఈ బేరం కంప్యూటరు అనుకరణలన్నింటిలోనూ తప్పనిది.

ఆటకు సంబంధించినంతవరకు 2.6 వరుసల తేడా పెద్ద దోషం కాదు. ప్రతిసారీ అదే తేడా వస్తుంది కాబట్టి ఆడేవాని చేయి దానికి అలవాటుపడుతుంది. బంతి కొంచెం బరువుగా ఉన్నట్లు తోస్తుంది, అంతే. ఒకసారి 30 అడుగులు, ఇంకొకసారి 20 అడుగులుగా వేగం మారుతూ ఉంటే మాత్రం ఆట చెడిపోతుంది. అందువల్ల పని తక్కువగా ఉన్న అడుగులోనూ యంత్రాన్ని కాసేపు ఊరికే నిలిపి, అన్ని అడుగులూ సమాన కాలంలో జరిగేట్లు చేస్తారు.

గోడకు తగిలినప్పుడు

క్యారమ్స్ ఆడిన ప్రతివారికి పరావర్తనం సంగతి తెలుసు. స్ట్రైకరు అంచుకు ఏ కోణంతో తగిలితే ఇంచుమించు ఆ కోణంతోనే మళ్ళుతుంది. అంచు వెంబడి ఉన్న వేగభాగం మారదు. అంచుకు లంబంగా ఉన్న వేగభాగం మాత్రం దిశ మారుతుంది. తెరమీద నిలువు గోడకు తగిలితే అడ్డపు వేగం గుర్తు మార్చితే చాలును. అడ్డపు గోడకైతే నిలువు వేగం గుర్తు. 45 డిగ్రీల గోడకైతే రెండు వేగాలను ఒకదాని చోట ఒకటి వేస్తే, గోడ వాలును బట్టి గుర్తులు సరిచేస్తే, పని పూర్తి అవుతుంది. ఇంతవరకు గుణకారం రాలేదు.

మరొక కోణంలో ఉన్న గోడకు సైను, కొసైనులతో గుణించక తప్పదు. 6502 వంటి ప్రాసెసరులో ఒక్క గుణకారాన్ని ఎనిమిదిసార్లు జరిపి కలుపుతూ చేయాలి. నూటికి పైగా స్పందనలు ఖర్చవుతాయి. అందుకే జవాబులను ముందుగా పట్టికలుగా వ్రాసి స్మృతిలో ఉంచుకొనటం, గోడలను కొన్ని నిర్ణీత కోణాలకే పరిమితం చేయటం ఆనాటి పద్ధతులు. మన పాఠశాలలలో లాగరిథమ్ పట్టికలు వాడిన అవసరమూ ఇటువంటిదే.

గోడకు తగిలినప్పుడు బంతి కొంత వేగాన్ని కోల్పోతుంది. నాలుగింట మూడు వంతులు మిగులుతుందనుకొంటే, వేగంలోనుంచి దాని నాలుగవ వంతును తీసివేయాలి. ద్విసంఖ్యామానంలో నాలుగుతో భాగించటమంటే అంకెలను రెండు చోట్లు కుడివైపుకు జరపటమే. 1320 వేగంతో వచ్చిన బంతిని చూడండి. 1320ను ద్విసంఖ్యామానంలో 10100101000 అని వ్రాస్తారు. రెండు చోట్లు జరిపితే 101001010, అనగా 330. తీసివేయగా 990 మిగిలింది. వేగం నాలుగింట మూడు వంతులయితే గతిశక్తి పదహారింట తొమ్మిది వంతులవుతుంది. బంతి ఎక్కే ఎత్తు కూడా అంతే నిష్పత్తిలో తగ్గుతుంది.

ఇక్కడ చిన్న పొరపాటు జరిగినా దాచటం సాధ్యం కాదు. ప్రతి దెబ్బకు వేగం రవ్వంత పెరిగేటట్లు లెక్క కుదిరితే, కాసేపటికి బంతి పిచ్చెత్తినట్లు పరుగెత్తుతుంది. శక్తి నిత్యత్వ నియమం పేరు వినని పిల్లవాడు కూడా, ఇదేదో తప్పు అని వెంటనే చెబుతాడు.

ఫ్లిప్పరు లెక్క వీటన్నింటికంటె కష్టం. అది తన మొదలుచుట్టూ తిరిగే రెక్క. మొదటికి దూరమైనకొద్దీ దాని వేగం ఎక్కువ. రెక్క కొసన తగిలిన బంతి గట్టిగా పోతుంది. మొదట తగిలినది మెల్లగా పోతుంది. ఏ క్షణంలో నొక్కారన్నదాన్ని బట్టి రెక్క కోణమూ, దానినిబట్టి బంతి దిశా మారుతాయి. నేర్పంతా ఇక్కడే ఉన్నది. ఐతే నిజమైన రెక్క సెకనులో కొన్ని వందోవంతుల కాలంలోనే లేచిపోతుంది. సెకనుకు 30 అడుగులు వేసే యంత్రానికి ఆ కదలిక ఒకటి రెండు అడుగులలోనే ముగుస్తుంది. కనుక రెక్క లేచే తీరును కొద్ది బొమ్మలతో సూచించి, తగిలిన చోటును బట్టి బంతికి తగిన వేగం ఇచ్చి సరిపెట్టుకోవలసి వచ్చేది.

గోడను దాటిపోయే బంతి

అడుగులలో నడిచే కాలానికి ఒక విచిత్రమైన ప్రమాదం ఉన్నది. గట్టిగా కొట్టిన బంతి సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. తెరమీద అది సెకనుకు 576 వరుసలు. అడుగుకు 19 వరుసలకు పైగా. గోడ మందం 4 వరుసలు. ఒక అడుగులో బంతి గోడకు ఇవతల ఉన్నది. మరుసటి అడుగులో పూర్తిగా అవతల ఉన్నది. రెండు అడుగులలోనూ అది గోడను తాకలేదు. తాకిందా అని యంత్రాన్ని అడిగితే లేదనే చెబుతుంది. కన్నుమూసి తెరిచేలోగా బంతి గోడలోనుంచి దూరిపోయింది!

దీనికి విరుగుళ్ళు మూడు. బంతి వేగానికి హద్దు పెట్టవచ్చును. అప్పుడు ఆట మందగిస్తుంది. ఒక్కొక్క అడుగును 5 చిన్న అడుగులుగా విడగొట్టి ప్రతిసారీ పరీక్షించవచ్చును. అప్పుడు పరీక్షల పని ఐదు రెట్లవుతుంది. లేదా బంతి దారినీ గోడనూ రెండు సరళరేఖలుగా భావించి, అవి ఎక్కడ ఖండించుకొంటాయో బీజగణితంతో కనుక్కోవచ్చును. ఇది సరైన మార్గమే కాని, గుణకార భాగహారాలు ఎక్కువ. చిన్న యంత్రాలకు మొదటి రెండు పద్ధతులే అందుబాటులో ఉండేవి.

పెద్ద యంత్రాలు వచ్చినంతమాత్రాన ఈ బాధ తీరిపోలేదు. 1995లో విండోస్ 95కు తోడుగా వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్లస్‌లో స్పేస్ క్యాడెట్ అనే పిన్‌బాల్ ఆట ఉండేది. తరువాత విండోస్ ఎక్స్‌పీలో కూడా అది ఉండటంవల్ల, ఆ కంప్యూటర్లు వాడిన తెలుగువారిలో అనేకులకు అది పరిచితమే. ఆ ఆటను 64 బిట్ల ప్రాసెసర్లకు మార్చే ప్రయత్నంలో బంతి వస్తువులకు తగలకుండా వాటిలోనుంచి దూరిపోయేదనీ, ఆట మొదలుకాగానే స్ప్రింగు కడ్డీని కూడా దాటి కిందికి పడిపోయేదనీ మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ తరువాత వివరించాడు. యంత్రం శక్తి ఎంత పెరిగినా, తాకిడిని గుర్తించే లెక్క గట్టిగా లేకపోతే గోడ గోడ కాదు.

నియమం వేరు, బల్ల వేరు

1981లో బిల్ బడ్జ్ అనే యువకుడు ఆపిల్ 2 కోసం రాస్టర్ బ్లాస్టర్ అనే పిన్‌బాల్ ఆటను తయారుచేశాడు. 1982లో డేవిడ్ స్నైడర్ వ్రాసిన డేవిడ్స్ మిడ్‌నైట్ మ్యాజిక్, బ్రూస్ ఆర్ట్‌విక్ వ్రాసిన నైట్ మిషన్ పిన్‌బాల్ వచ్చాయి. ఆర్ట్‌విక్ విమానం నడపటాన్ని కంప్యూటరుమీద అనుకరించిన ఫ్లైట్ సిమ్యులేటరుకు కర్తగా ప్రసిద్ధుడు. విమానమూ బంతీ ఆయన చేతిలో పడటం ఆశ్చర్యం కాదు. రెండింటిలోనూ జరిగేది ఒకటే: బలాన్నిబట్టి వేగం, వేగాన్నిబట్టి స్థానం.

బడ్జ్ ఇంకొక మెట్టు పైకి ఆలోచించాడు. బంతి కదిలే నియమాలు ఏ బల్లకైనా ఒకటే. మారేవి గోడల చోట్లు, బంపర్ల చోట్లు, పాయింట్లు. అట్లాంటప్పుడు నియమాలను ఒకచోట, బల్ల వివరాలను మరొకచోట ఉంచితే, బల్లను ఆడేవారే తయారుచేసుకోవచ్చును కదా! ఆ ఆలోచననుంచి పుట్టినదే పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్. దీనిని 1982లో ఆయన స్వంత సంస్థయైన బడ్జ్‌కో, 1983లో ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ప్రచురించాయి. తెరకు ఒక పక్కన ఫ్లిప్పర్లు, బంపర్లు, గురిపలకలు బొమ్మలుగా వరుసదీరి ఉంటాయి. తెరమీది చిన్న చేతి గుర్తుతో వాటిని తీసి బల్లమీద కావలసిన చోట పెట్టవచ్చును. గోడల మూలలను లాగి ఆకారం మార్చవచ్చును. తయారైన బల్లను ఫ్లాపీ డిస్కుమీద దాచి మిత్రులకు ఇవ్వవచ్చును. ప్రోగ్రాము వ్రాయటం రానివారు కూడా ఇదంతా చేయగలిగేవారు.

అంతకంటె ముఖ్యం, గురుత్వాన్ని కూడా అందులో మార్చవచ్చును. పై ఉదాహరణలోని 44 అనే అంకెను 20 చేస్తే బంతి తేలికగా తేలుతున్నట్లు దిగుతుంది. 90 చేస్తే రాయిలాగా పడుతుంది. భూమిమీద ఏ ప్రయోగశాలలోనూ గురుత్వాన్ని ఇట్లా ఇష్టం వచ్చినట్లు తగ్గించి పెంచి చూడటం సాధ్యం కాదు. ఆడుకొనే పిల్లవానికి తెలియకుండానే, ఇతర విషయాలను స్థిరంగా ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడటమనే ప్రయోగపద్ధతి చేతికి వచ్చింది.

తరువాతి యంత్రాలు ఒక్కొక్క ఇరుకునూ సడలించాయి. 1984లో జపానులో నింటెండో తన ఇంటి ఆటయంత్రానికి పిన్‌బాల్ ఆటను విడుదలచేసింది. దాని ప్రోగ్రాము వ్రాసిన సతోరు ఇవాతా తరువాతి కాలంలో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. ఒక్క తెరలో బల్ల పట్టనందువల్ల దానిని పైభాగం, కిందిభాగంగా రెండు తెరలు చేసి, బంతి ఒక భాగంనుంచి దిగగానే రెండవ భాగాన్ని చూపేవారు. 1992లో స్వీడనువారైన డిజిటల్ ఇల్యూజన్స్ అమీగా కంప్యూటరు కోసం పిన్‌బాల్ డ్రీమ్స్ తయారుచేశారు. అమీగాలోని 68000 ప్రాసెసరు సెకనుకు 70 లక్షలకు పైగా స్పందనలతో నడిచేది. గుణకారానికి దానిలో ఆజ్ఞ ఉన్నది. తెరకంటె పొడవైన బల్ల, బంతి వెంట మెత్తగా పైకీ కిందికీ జరిగేది. బంతి దొర్లటం నిజంగా దొర్లినట్లే ఉన్నదని ఆడినవారు మెచ్చుకొన్నారు.

ఏది నిలపాలి, ఏది వదలాలి

ఈ ఆటలు వదిలేసిన విషయాలు చాలా ఉన్నాయి. బంతి తన చుట్టూ తాను తిరగటం, గాలి నిరోధం, రబ్బరు నొక్కుకొని సాగటం, బల్లమీది దుమ్ము: వీటిలో అనేకం తొలి ఆటల లెక్కలోకి రాలేదు. అయినా ఆడేవారు వాటిని పిన్‌బాల్‌గా గుర్తించారు. ఎందువల్ల? నిలుపవలసినవాటిని నిలిపారు కాబట్టి. పల్లానికి పోయేకొద్దీ వేగం పెరగాలి. గోడకు తగిలితే కోణం ప్రకారం మళ్ళాలి. దెబ్బకు శక్తి తగ్గాలి. ఒకే దెబ్బకు ఒకే ఫలితం రావాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా ఆట కూలిపోతుంది.

వాతావరణాన్ని లెక్కించేవారికీ, ఉపగ్రహం దారిని గణించేవారికీ ఇదే పరీక్ష. వారు కూడా కాలాన్ని ముక్కలు చేస్తారు, అడుగడుగునా కూడుతారు, కొన్ని విషయాలను వదిలిపెడతారు. ఒక్క తేడా ఏమంటే, ఆటలోని తప్పును ఆడేవాని చేయి వెంటనే పట్టిస్తుంది. పెద్ద లెక్కలలో తప్పు అట్లా చేతికి తగలదు. అందుచేత అడుగును సగం చేసి జవాబు ఎంత మారిందో చూడటం, శక్తి పద్దు సరిపోయిందో లేదో తనిఖీ చేయటం అక్కడ నియమంగా పెట్టుకొంటారు. కంప్యూటరు ఇచ్చింది కాబట్టి నిజమేనని ఊరుకోరు.

ఈ విషయాన్ని తరగతిలో బోధించటానికి కంప్యూటరే కావాలని లేదు. ఒక గ్రాఫు కాగితం, పెన్సిలు చాలును. విద్యార్థి 44, 88, 132 అని వేగాలు వ్రాసుకొని, వాటిని కూడుతూ 30 అడుగులు గుర్తించాలి. పక్కనే 11తో 60 అడుగులు గుర్తించాలి. రెండు బంతులూ ఒక సెకనుకు ఎక్కడ చేరాయో, పాఠ్యపుస్తకపు సూత్రం ఎక్కడ చేర్చిందో పోల్చాలి. తరువాత కింద ఒక గోడ గీసి, తగిలిన వేగంలో నాలుగవ వంతు తీసివేసి, బంతిని తిరిగి పైకి పంపాలి. ఎంత ఎత్తు ఎక్కిందో చూడాలి. పదహారింట తొమ్మిది వంతులకు దగ్గరగా వస్తే లెక్క సరిపోయినట్లు. కొద్దిగా తేడా వస్తే, ఆ తేడా ఎక్కడనుంచి వచ్చిందో వెదకటమే తరువాతి పాఠం.